మూడు లక్షల లోటు

"ఒక్క మాట ముందే అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మాకేదైనా అంటగడితే మీకెంత వస్తుంది?" అంది ఆవిడ, కుర్చీలో ఇంకా సరిగ్గా కూర్చోకుండానే.

ఈ ప్రశ్న కోసం సలహాదారు పదకొండేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. ఠీవిగా గోడ మీది బోర్డు చూపించాడు. 'స్వతంత్ర ఆర్థిక సలహాదారు. కమీషన్లు లేవు. ఫీజు రెండు వేలు మాత్రమే.'

"నేను ఏ కంపెనీ మనిషినీ కాదమ్మా. ఎవరి దగ్గరా చిల్లిగవ్వ తీసుకోను."

"మా తమ్ముడూ ఇలాగే అన్నాడు. మాచేత ఏడు పాలసీలు కట్టించాడు. తను మాత్రం ఒక్కటీ కట్టలేదని తర్వాత తెలిసింది."

బావమరిది ప్రస్తావన వచ్చినప్పుడు నోరు మెదపకూడదని పక్కనున్న భర్త ఏనాడో నేర్చుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ల సన్నటి మనిషి. గదిలోకి ఎప్పుడొచ్చి కూర్చున్నాడో కూడా సలహాదారు గమనించలేదు, అంత నెమ్మదస్తుడు.

"తమరేం చేస్తుంటారు?"

"తాళాల పనండీ. ముప్పై ఏళ్లుగా అదే."

"ఇంటి తాళాలా, బీరువాలా?"

"అన్నీనండీ. ఇంటికి తాళం పడితేనే మాకు పని."

సలహాదారు ఫారంలో 'తాళాల మేస్త్రి' అని రాసుకున్నాడు. "పెన్షన్ లాంటిదేమైనా వస్తుందా?"

"ఎక్కడిదండీ. ఒకసారి రెండేళ్లు, ఇంకోసారి ఏడాదిన్నర గవర్నమెంటు వాళ్ల దగ్గరున్నాను. తిండీ బసా వాళ్లదే. కానీ పర్మనెంట్ చెయ్యలేదు."

"అదీ మన మంచికేలెండి," అంది ఆవిడ.

సర్కారు జీతాల మీద ఆవిడకున్న చిన్నచూపు చూసి సలహాదారుకి కాస్త ముచ్చటేసింది. "మరి ఇంకో రెండేళ్లు చెయ్యొచ్చుగా? ఇప్పుడే ఎందుకు మానెయ్యడం?"

"మోకాళ్లండీ," అంది ఆవిడ. "మెట్లెక్కితే టకటకమంటున్నాయి. ఈయన పనిలో చప్పుడు కాకూడదు."

తాళం లోపలి మీటలు పడే సవ్వడి చెవితో వినాలి కాబోలు అనుకున్నాడు సలహాదారు.

ఆవిడ గొంతు తగ్గింది. "వేళాపాళా లేని పనండీ. పొద్దున్నే ఈయన గుమ్మంలోకి వచ్చేదాకా నాకు కునుకు పట్టదు. నేను కంటినిండా నిద్రపోయి ముప్పై ఏళ్లయింది. చాలండీ, ఇంక నావల్ల కాదు."

సలహాదారు మనసు కరిగింది. తాళంచెవి ఎక్కడో పోగొట్టుకుని అర్ధరాత్రి మేస్త్రిని నిద్రలేపే జనాన్ని మనసులోనే తిట్టుకున్నాడు. కాలిక్యులేటర్ తీసి అరగంట కుస్తీ పట్టి, ప్లాను కాగితం మీద చివరి గీత గీశాడు.

"ఇదిగో. ఇవాళే మానేస్తే మీ డబ్బు డెబ్బై తొమ్మిదో ఏట అయిపోతుంది. ఇంకో మూడు లక్షలుంటే ఎనభై ఐదు దాకా ఢోకా లేదు. చిన్నాచితకా పనులతో అయితే మూడేళ్లు పడుతుంది. ఒక్క పెద్ద పని తగిలితే రేపే రిటైర్ కావచ్చు."

"పెద్ద పనులు ఇప్పుడెక్కడున్నాయండీ. డబ్బంతా ఫోన్లలోకి పోయింది. నోట్లు కనబడ్డమే లేదు," అన్నాడు మేస్త్రి దిగులుగా.

"నిజమేనండీ, నాక్కూడా అందరూ ఫోన్లోనే కొడతారు."

ఆవిడకి ఇంకా అనుమానం తీరలేదు. "ఇవన్నీ మీరు చేస్తున్నారా? మా తమ్ముడిలాగా చెప్పడమేనా?"

సలహాదారుకి పౌరుషం పొడుచుకొచ్చింది. తన సొంత ఫైలు తీసి బల్ల మీద పరిచాడు. "ఇవి డిపాజిట్లు. ఇవి ఫండ్లు. అన్నిటికన్నా ముఖ్యం, అత్యవసర నిధి. ఆర్నెల్ల ఖర్చు. మూడు లక్షల నలభై వేలు, అచ్చంగా నోట్లే, మేడ మీద మా ఇంట్లో బీరువాలో పెట్టాను. అవసరం చెప్పి రాదు కదమ్మా."

"మాటకీ చేతకీ తేడా లేని మనిషండీ," అంది ఆవిడ భర్తతో. మొదటిసారి ఆవిడ మొహంలో నవ్వు కనిపించింది.

ఆ నవ్వు చూసి సలహాదారుకి కాస్త చనువొచ్చింది. ఫీజు లేకుండా వచ్చేదేదీ అతను వదులుకోడు. "మేస్త్రిగారూ, ఆ బీరువా తాళం రెండుసార్లు గుంజితే గానీ రాదు. పాతికేళ్ల నాటిది. మంచిదేనంటారా?"

"గుండ్రటి పిడి, కింద పొడుగు తాళంచెవి పెట్టే కన్నం. అదేనా?"

"అదే."

"అది తాళం కాదండీ, అలంకారం. ఇవాళే మార్చెయ్యండి."

సలహాదారు కిసుక్కున నవ్వాడు. "మారిస్తే మీకెంత వస్తుంది?"

"ఏమీ రాదండీ. నష్టమే."

సలహాదారు నమ్మలేదు. తన లాభం చూసుకోకుండా సలహా చెప్పేవాడు లోకంలో తనొక్కడేనని అతని గట్టి నమ్మకం.

"సరే, ఫీజు సోమవారం ఇవ్వండి. శని, ఆదివారాలు ఇంటిల్లిపాదీ పెళ్లికి వెళ్తున్నాం."

మేస్త్రి ప్లాను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరూ వెళ్లిపోయారు. తలుపు వేసిన చప్పుడు కూడా కాలేదు.

సోమవారం ఎవరూ రాలేదు. "ఫీజు ఎగ్గొట్టారు. మంచితనానికి రోజులు కావివి," అని సలహాదారు భోజనం చేసినంతసేపూ సణిగాడు. మంగళవారం ఫ్రిజ్ పాడైంది. అత్యవసర నిధి తియ్యక తప్పలేదు.

"బీరువాకి నూనె వేశారేమిటి? ఒక్క తిప్పుకే వచ్చేసింది," అంది అతని భార్య మేడ మీది నుంచి.

అతను వెయ్యలేదు. రెండేసి మెట్లు దూకుతూ పైకి వెళ్లాడు. బీరువా మీద గీత కూడా లేదు. అత్యవసర నిధి కవరులో నలభై వేలున్నాయి, విడిగా మడిచిన రెండు వేలున్నాయి, నాలుగు మడతల కాగితం ఒకటుంది. కాగితం విప్పాడు. తన చేతిరాతలోని 'లోటు: మూడు లక్షలు' మీద ఎవరో నీటుగా గీత కొట్టేశారు. కింద పొందికైన అక్షరాలతో ఇలా ఉంది:

"రిటైరయ్యాను, ఇకనైనా తాళం మార్చండి."