ఎవరి తాళంచెవి వాళ్ల దగ్గరే

మేస్త్రి బ్రష్ పట్టుకున్నాడు కానీ చెయ్యి ముందుకు సాగడం లేదు.

ఎదురుగా నూలు మిల్లులో దుమ్ము లాగే పెద్ద ఫ్యాను మోటారు. మూత విప్పేశారు. లోపల రాగి తీగల చుట్ల మధ్య దూది ధూళి అట్టలు కట్టి ఉంది. దాన్ని దులపకపోతే వైండింగ్ వేడెక్కి మాడిపోతుంది. దులపాలంటే చేతులు మోచేతుల దాకా లోపల పెట్టాలి.

"ఇదొక్కటి చేసి చూపించు. నీ వల్ల కాదంటే చెప్పు, ఇంకొకర్ని చూసుకుంటాను," అని మేనేజరు పొద్దున్నే తేల్చేశాడు. మోటార్లు తప్ప వేరే విద్య రాని మనిషి మేస్త్రి. ఈ గండం గట్టెక్కితే మళ్లీ పనిలో ఉంటాడు. లేదంటే ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడమే.

నిరుడు ఈ మోటారు దగ్గరే ఘోరం జరిగింది. ధూళి ఊదే గాలి గొట్టం చప్పుడు ఆగగానే శుభ్రం చేయడం అయిపోయిందనుకుని స్విచ్ వేసేశారు. గొట్టం పక్కన పెట్టి బ్రష్ అందుకున్న సంగతి స్విచ్ దగ్గరికి తెలియలేదు. ఆ రోజు నుంచి మేస్త్రి ఇల్లు కదల్లేదు. మళ్లీ రెంచీ ముట్టుకోలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాత మిల్లువాళ్లు స్విచ్ పెట్టెలకు తాళాలు కొన్నారు. మోటారులో చెయ్యి పెట్టేవాడే కరెంటు తీసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. దేవుడు దిగొచ్చి అడిగినా ఇవ్వకూడదు.

మేస్త్రి స్విచ్ దించి తాళం వేశాడు. టెస్టర్ పెట్టి చూశాడు. మళ్లీ చూశాడు.

"ఇంకెన్నిసార్లు చూస్తారు మేస్త్రీ? విసుగొచ్చి కరెంటే పారిపోయి ఉంటుంది," అన్నాడు ఫిట్టరు. వాగుడు ఆపడు కాబట్టి అందరూ అతణ్ణి వసపిట్ట అంటారు.

మేస్త్రి నవ్వలేదు. స్విచ్ పెట్టె దగ్గరికి ఎవరూ రాకుండా కాపలాగా, కొత్తగా పనిలో చేరిన ఒకామె నిలబడి ఉంది. మేస్త్రి తిన్నగా వెళ్లి ఆమెకు తాళంచెవి అందించాడు.

"ఇది నీ దగ్గరుంచమ్మా."

వసపిట్ట నోరు టక్కున మూతపడింది. మేనేజరు గతుక్కుమన్నాడు.

"అదేంటి మేస్త్రీ? రూలు మర్చిపోయావా? పోనీ ఇంకెవరికైనా ఇవ్వు."

"తెలుసు సార్. ఈమె దగ్గరుంటేనే చెయ్యి పెడతాను. లేకపోతే నా వల్ల కాదు."

ఆమె తాళంచెవి వైపు చాలాసేపు చూసి, చివరికి తీసుకుంది.

"మాస్కు పెట్టుకోండి అన్నయ్యా. గాలి మెల్లగా వదలండి, గట్టిగా కొడితే తీగల మీద పూత లేచిపోతుంది," అంది.

అన్నయ్యా అనేసరికి మేస్త్రి తల వంచుకున్నాడు.

గొట్టంతో పైపైన ధూళి ఊదాడు. గొట్టం పక్కన పెట్టాడు. ఫ్యాక్టరీ అంతా నిశ్శబ్దంగా ఉంది. బ్రష్‌తో రెండు చేతులూ లోపల పెట్టాడు. ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఒక్కొక్క సందూ దులుపుతున్నాడు.

వెనకాల తాళం గలగలమంది.

మేస్త్రి బిగుసుకుపోయాడు. అయినా చేతులు వెనక్కి తీసుకోలేదు. ఏమైతే అదే అవుతుందని కళ్లు మూసుకున్నాడు.

"సరిగ్గా పడిందో లేదోనని లాగి చూశాను. మీరు కానివ్వండి," అంది ఆమె.

మేనేజరు గడియారం చూసుకున్నాడు. "ఇంకెంతసేపు? అవతల పని ఆగిపోయింది."

"ఆయన రెండు చేతులూ బయట నాకు కనపడాలి సార్. అప్పటిదాకా ఈ పెట్టె ఎవరూ ముట్టుకోరు."

ఆమె గొంతు కరుగ్గా ఉంది. మేనేజరు ఒకడుగు వెనక్కి వేశాడు.

పని పూర్తయింది. చుట్లలో తడి లేదని మీటరు పెట్టి చూసి, మూత బిగించి, మేస్త్రి ఆమె ముందు నిలబడ్డాడు. రెండు అరచేతులూ తిప్పి చూపించాడు. ధూళి పట్టిన ఆ చేతుల్లో ఆమె తాళంచెవి పెట్టింది.

"తాళం మీరే తియ్యాలి."

ఆయన కన్నీళ్లు మాస్కులోకి జారిపోయాయి.

"ఊరుకోండి అన్నయ్యా. రేపు పక్క మోటారు చూడాలి. రేపు మాత్రం ఇది మీ జేబులోనే ఉండాలి," అంటూ ఆమె మొహం తిప్పుకుంది.

నిరుడు గాలి గొట్టం చప్పుడు ఆగగానే స్విచ్ వేసి, లోపల చేతులు పెట్టి ఉన్న ఆమె భర్తను పొట్టన పెట్టుకున్నది ఈ మేస్త్రే.