ముంగిసకు కబురు చెప్పిందెవరు

ఒక పెరట్లో కోడి గుడ్డు పెట్టడమే ఆలస్యం, ముంగిస వచ్చి ఎత్తుకుపోయేది. ఎన్ని చోట్లు మార్చినా లాభం లేకపోయింది. ఆ ఏడాది ఒక్క కోడిపిల్ల కూడా పుట్టలేదు. తమలోనే ఎవరో కబురు అందిస్తున్నారని కోళ్లకు అనుమానం వచ్చింది.

"వేగు పని నేను చేస్తాను," అంది బోడిమెడ పెట్ట. అది గుడ్లు పెట్టడం మానేసి రెండేళ్లయింది.

"ఈ వయసులో నీకెందుకు అవ్వా," అని నవ్వాయి మిగతావి.

"నేను ఎదురుగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. ఈ పనికి కావలసింది అదే."

మూడు రోజులు అది ముంగిస కలుగు ముందే దుమ్ములో పొర్లుతూ గడిపింది. ముదురు మాంసం మీద ముంగిసకు ఆశ లేదు. ముంగిస దగ్గరికి కబురు మోసుకుని ఎవరూ రాలేదు కూడా. ముంగిస కలుగులో చెవులు రిక్కించుకుని పడుకునేది, అంతే.

నాలుగో రోజు కోళ్లన్నీ చుట్టూ చేరాయి.

"పేరు చెప్పు అవ్వా," అంది చుక్కల పెట్ట.

"మీరే. గుడ్డు పెట్టగానే పెరడంతా వినబడేలా అరుస్తారు. ముంగిస ఆ అరుపు వినబడిన వైపే వస్తుంది."

కోళ్లు చిన్నబోయి, ఇక అరవకూడదని ఒట్టు వేసుకున్నాయి.

మర్నాడు చుక్కల పెట్ట గడ్డివాము వెనక గుడ్డు పెట్టి, చప్పుడు చేయకుండా వచ్చి నిలబడింది.

"ఏమే, ఇవాళ పెట్టలేదా? నువ్వూ అవ్వలా అయిపోయావా?" అంది నల్ల పెట్ట.

చుక్కల పెట్ట కాసేపు ఓర్చుకుంది. తర్వాత మెడ సాచి, పెరడంతా వినబడేలా అరిచింది.

ముంగిస కలుగులోంచి బయటికి వచ్చింది. అలవాటుగా అక్కడే కూర్చున్న బోడిమెడ పెట్ట కాస్త పక్కకు జరిగి దారి ఇచ్చింది.