పిలుస్తారు, కూర్చోండి

హెడ్‌మాస్టరమ్మ నవ్వింది.

పళ్ల క్లినిక్ వెయిటింగ్ హాల్లో ఉన్నవాళ్లంతా ఉలిక్కిపడ్డారు. బడిలో ఆవిడ నవ్వగా చూసినవాళ్లు లేరు. అలాంటిది, ఒళ్లో బ్యాగు జారిపోతున్నా పట్టించుకోకుండా పకపకా నవ్వుతోంది.

నవ్వించినవాడు పక్క కుర్చీలోనే ఉన్నాడు. యాభై దాటిన మనిషి, నలిగిన చొక్కా. తను నవ్వేటప్పుడు మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు.

ఎదురుగా గోడమీద టీవీ. అందులో వంకరటింకర పళ్ల వరుస ఒకటి గుండ్రంగా తిరుగుతూ, తిరుగుతూనే తిన్నగా సర్దుకుంటోంది. కొత్తగా కొన్న కంప్యూటర్ మిషన్ గొప్ప చెప్పుకునే బొమ్మ అది. పొద్దస్తమానం అదే.

"చూశారా అమ్మా," అన్నాడతను. "ఇందాకటిదాకా ఒకదాని భుజమ్మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. మీరు రాగానే ఎట్లా లైనులో నిలబడ్డాయో!"

ఆవిడ మళ్లీ నవ్వింది.

డాక్టరు తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. రిసెప్షన్ అమ్మాయిని పక్కకు పిలిచాడు.

"మీ బాబాయిని కాస్త నెమ్మదిగా ఉండమని చెప్పమ్మా."

"మా బాబాయా? మీ చుట్టం కదా సార్! అందుకేగా రోజూ మంచినీళ్లిస్తున్నా."

"నాకు చుట్టమా? బాబాయ్ బాబాయ్ అని పిలిచేది నువ్వు!"

"మీ చుట్టాన్ని మరి ఏమని పిలవను సార్?"

లోపలున్న టెక్నీషియన్‌ని అడిగారు.

"పేషెంట్ల తాలూకు అనుకున్నా సార్. ఎప్పుడూ ఎవరో ఒకరి పక్కన ఉంటాడుగా."

మిషన్ వచ్చిన దగ్గర్నుంచీ అతను రోజూ మధ్యాహ్నం వస్తున్నాడు. టీవీకి ఎదురుగా కూర్చుంటాడు. పక్కనున్నవాళ్లని నవ్విస్తాడు. మధ్యమధ్య, "ఇంకా పిలవలేదా అమ్మా?" అంటాడు. ఎవరినో లోపలికి పంపి కూర్చున్నాడనుకుని ఆ అమ్మాయి, "పిలుస్తారు బాబాయ్" అంటుంది, కంప్యూటర్లోంచి తల ఎత్తకుండా.

"అయితే ఏసీ కోసం వస్తున్నాడన్నమాట," అని డాక్టరు తేల్చేశాడు. "లోపలికి పంపు."

"బాబాయ్, డాక్టరు గారు పిలుస్తున్నారు."

అతను దిగ్గున లేచాడు.

"నన్నేనా?"

వాష్‌బేసిన్ దగ్గర నోరు పుక్కిలించుకున్నాడు. తల దువ్వుకున్నాడు. లోపలికి వెళ్లి, ఎవరూ చెప్పకముందే పెద్ద కుర్చీ ఎక్కి వెనక్కి వాలాడు. నోరు తెరిచాడు.

ఆ గదిలో నోళ్లలోకి తొంగిచూడటం ఎప్పుడో మానేశారు. ఇదివరకు నోటినిండా ముద్ద పెట్టి, అచ్చు తీసి, అద్దం పెట్టి చూసేవారు. ఇప్పుడు కర్రలాంటి కెమెరా ఒకటి నోట్లో దూరుస్తారు, అందరూ తెరవైపు తిరుగుతారు. నోరు తెరిచినవాడు పైకప్పు చూస్తూ పడుంటాడు.

డాక్టరు ఇప్పుడూ తెరవైపే చూస్తున్నాడు.

"ఏసీ చాలదు, పడక కూడా కావాలా? దిగండి దిగండి. ఇది పార్కు కాదు. పనున్నవాళ్లే రావాలిక్కడికి."

అతను నోరు తెరిచినవాడు తెరిచినట్టే కాసేపు ఉండిపోయాడు. తర్వాత మూసుకున్నాడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

హెడ్‌మాస్టరమ్మ వంతు వచ్చింది. ఆవిడ పళ్లు కుదిరాయంటే బడిపిల్లల అమ్మానాన్నలంతా ఈ మెట్లెక్కుతారని డాక్టరు ఆశ. దానికి ముందుగా ఆవిడ మనసారా నవ్వాలి. ఆ నవ్వును ఫొటో తీసి, దానికి తగ్గట్టు మిషన్ కొత్త వరుస గీస్తుంది.

ఆవిడ హాజరు పిలుస్తున్నట్టు ముఖం పెట్టింది.

'నవ్వు కనబడలేదు. మళ్లీ ప్రయత్నించండి' అంది మిషన్.

"కొంచెం నవ్వండి మేడమ్."

"నవ్వుతూనే ఉన్నాను."

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఒక పన్ను ఇంకో పన్నుతో ఏమందో తెలుసా మేడమ్?"

"తెలీదు. చెప్పండి."

డాక్టరు మర్చిపోయాడు.

టెక్నీషియన్ ఫోన్లో జోకు వెతికి పైకి చదివాడు.

"తడుముకోకుండా మళ్లీ చదువు," అందావిడ.

'నవ్వు కనబడలేదు' అంది మిషన్.

ఆవిడ కుర్చీ దిగింది. "ఇందాకటి ఆయన్ని పిలవండి. అప్పుడు నవ్వుతాను."

రిసెప్షన్ అమ్మాయి వీధి చివరిదాకా పరుగెత్తి వచ్చింది. మనిషి లేడు. పేరు తెలిస్తే కదా, కేకేయడానికి.

"ఆయన ఎవరో మాకు తెలీదు మేడమ్," అన్నాడు డాక్టరు.

"తెలీకుండా టీవీలో పెట్టుకున్నారా?"

"టీవీలోనా?"

ఆవిడ డాక్టరుని హాల్లోకి నడిపించి టీవీ చూపించింది. "ఆ విరిగిన ముందుపన్ను చూడండి. దాని పక్కన పైకెక్కిన కోరపన్ను చూడండి. చెయ్యి అడ్డం పెట్టుకున్నా పక్కనున్నదాన్ని, నాకు కనబడదా? అవి ఆయనవే."

"అబ్బే, కంపెనీవాళ్లు పెట్టిన నమూనా మేడమ్ అది. కావాలంటే మీ ముందే అడుగుతా." మిషన్ బిగించిన మనిషికి ఫోను కలిపి, అందరికీ వినబడేలా పెట్టాడు.

"ఆ టీవీలో పళ్లు ఎవరివయ్యా?"

"అవా సార్? మిషన్ బిగించిన రోజు పరీక్షకి ఒక నోరు కావాల్సొచ్చింది. మీరింకా రాలేదు. పళ్లు సరిచేయించుకుందామని ఒకాయన అప్పటికే వచ్చి మెట్లమీద కూర్చునున్నాడు. అడగ్గానే ఒప్పుకున్నాడు. టీవీలో చూపిస్తే, 'ఇవి నావేనా! ఇంత బాగుంటాయా!' అని ఒకటే సంబరం. కొత్త మిషన్ మీద మీ మొదటి పేషెంటు సార్ ఆయన! డాక్టరు గారు పిలుస్తారు, ఇక్కడే కూర్చోండి అని చెప్పి వచ్చాను."

డాక్టరు ఖాళీ కుర్చీవైపు చూశాడు.

ఫోన్లో గొంతు అడిగింది.

"పిలిచారా సార్?"