మూలన నిలబడే మనిషి

"అది నా కొక్కెం."

కొత్తగా వచ్చినామె కొక్కేనికి తగిలించిన తన సంచీని చటుక్కున తీసేసింది.

"తెలీలేదమ్మా," అని నవ్వి, బల్ల కింద పెట్టుకుంది.

మిరపకాయ నవ్వలేదు.

బాస్కెట్‌బాల్ జట్టులో అందరూ ఆ అమ్మాయిని అలాగే పిలుస్తారు. మనిషి పిసరంత, ఘాటు బోలెడంత. దూరం నుంచి గురిచూసి బంతిని రింగులో వేయడం ఆమె పని. కిందటి సీజన్‌లో మణికట్టు బెణికింది. బెణుకు తగ్గింది గానీ గురి తిరిగి రాలేదు. ఈసారి కూడా అలాగే ఆడితే హాస్టల్ గది ఖాళీ చేసి, అన్నయ్య కుట్టు దుకాణంలో గుండీలు కుడుతూ కూర్చోవాల్సిందే.

సరిగ్గా అలాంటప్పుడు ఈవిడను తెచ్చారు.

దూరం నుంచి బంతి వేయడంలో ఒకప్పుడు ఈవిడ పేరు చెబితే అవతలి జట్లకు నిద్రపట్టేది కాదు. ఇప్పుడు పరుగెత్తితే ఆయాసం. ఇంటి దగ్గర బడికెళ్ళే కూతురు.

"మనకి షూటర్ కావాలంటే పిన్నిని తెచ్చారేంటి?" అంది మిరపకాయ, అందరికీ వినబడేలా.

"పిన్నీ అంటే పలుకుతా," అందామె లేసులు కట్టుకుంటూ. "అమ్మమ్మా అంటే మాత్రం ఊరుకోను."

ఆ పేరే స్థిరపడిపోయింది.

మొదటి మ్యాచ్‌లో కోచ్ పిన్నిని దింపి, మిరపకాయను బెంచీ మీద కూర్చోబెట్టాడు. పిన్ని వేసిన బంతులు చాలావరకు రింగుకు తగిలి బయటికే వచ్చాయి. జట్టు ఓడిపోయింది.

తిరిగి వస్తుంటే బస్సులో కూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, ఎన్ని వేశావు?"

"పోయినవి అడుగు తల్లీ, ఊరొచ్చేదాకా చెబుతా."

బస్సంతా గొల్లుమంది. మిరపకాయ మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తన చోటు లాక్కుని, దాన్ని పాడుచేసి, పైగా జోకులా?

తర్వాతి మ్యాచ్ మధ్యలో పిన్ని కోచ్ దగ్గరికి వెళ్ళింది.

"ఆ అమ్మాయిని కూడా దింపండి. నా బదులు కాదు, నాతో పాటు."

కోచ్ మొహం చిట్లించాడు. కానీ దింపాడు.

"ఇటు చూడు," అంది పిన్ని, మిరపకాయ భుజం మీద చెయ్యేసి. "నేను ఆ మూలకి పోయి నిలబడతా. పాత భయం కొద్దీ అవతలి వాళ్ళు ఇద్దరు నా వెంట వస్తారు. ఈ పక్కంతా ఖాళీ అయిపోతుంది. నువ్విక్కడుండు."

మిరపకాయ భుజం విదిలించుకుంది. "మరి మీకు బంతి రాదుగా?"

"రాకపోతే చెమట తుడుచుకుంటా."

అలాగే జరిగింది. ఇద్దరూ పిన్నిని అంటిపెట్టుకున్నారు. మిరపకాయ చుట్టూ ఎవరూ లేరు. బంతి వచ్చింది. వేసింది. పోయింది.

"వెయ్యి!" మూలలోంచి కేక.

మళ్ళీ పోయింది.

"పోతే పోనీ, నువ్వు వెయ్యి!"

ఈసారి రింగు అంచు కూడా తాకకుండా లోపలికి జారింది. మిరపకాయ తన చెయ్యి వంక తనే చూసుకుంది, ఎవరిదో అన్నట్టు.

ఆ రోజు నుంచి జట్టు గెలవడం మొదలుపెట్టింది. పిన్ని మూలన నిలబడటం, అవతలి వాళ్ళు ఆమె చుట్టూ మూగడం, మిరపకాయ వేయడం. పేపర్లలో మిరపకాయ ఫొటోలు. సాధన అయ్యాక కూడా పిన్ని బంతులు ఏరి అందిస్తూనే ఉండేది. "మోచెయ్యి బయటికి పోతోంది, లోపలికి పెట్టు," అని నస.

"సరే పిన్నీ, సరే," అని విసుక్కుంటూనే మిరపకాయ మోచెయ్యి సర్దుకునేది.

ఫైనల్లో చివరి బంతి పిన్నికే ఇమ్మన్నాడు కోచ్. ఇచ్చారు. ముగ్గురు ఆమె మీదికి వచ్చారు. పిన్ని ఎగిరింది. వేస్తుందనుకున్న బంతిని గాల్లోంచే పక్కకు విసిరింది.

మిరపకాయ వేసింది.

జట్టంతా ఆమెను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. గదిలోకి వచ్చినా ఫోన్లు ఆగలేదు. అన్నయ్య, వదిన, ఎప్పుడో మరిచిపోయిన స్నేహితులు.

పిన్ని సంచీ భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"వెళ్ళొస్తానే, మిరపకాయా."

ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్న మిరపకాయ, తిరిగి చూడకుండానే చెయ్యి ఊపింది.

కొత్త సీజన్ ముందు మిరపకాయ కోచ్ గదికి వెళ్ళింది.

"సార్, పిన్ని ఆట మానేశారంట కదా. ఇకనైనా నా చోటు నాదేనా?"

"నీ చోటు ఎవరు తీసుకున్నారు?"

"పిన్నేగా! ఆవిడ వచ్చాకేగా నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు."

కోచ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"బెంచీ కాదమ్మా, నిన్ను ఇంటికే పంపిద్దామనుకున్నాం. నిన్ను తీసేద్దామని తేల్చుకున్నాకే ఆవిడకి కబురు పెట్టాం."

మిరపకాయ బల్ల ముందున్న కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఎవరి బదులు నన్ను పిలిచారని అడిగింది. చెప్పాను," అన్నాడు కోచ్. "'ఆ పిల్ల ఆట చూశాను, అన్నీ పోతున్నా వేయడం మానలేదు, తనని ఉంచితేనే నేను వస్తా' అని, నేను సరేననేదాకా ఆ కుర్చీలోంచి లేవలేదు."