ఎనిమిదిళ్ల తీగ

“నా ఇంట్లో ఆ పాటల గోల వినపడితే నేనిక్కడ ఉండను!” హాలిస్ టోపీ అందుకున్నాడు. “పొగాకు కోతకొచ్చి కూర్చుంటే నీకు నాష్‌విల్ పోయి రికార్డులివ్వాల్సొచ్చిందా?”

“ఒక్క పాట నాన్నా. రికార్డుల కంపెనీ వాళ్లు ఫోన్లో విని తేల్చేస్తామన్నారు, ఐదింటికి.”

“పాడుకో తల్లీ, పాడుకో. పక్కింటి రాన్సమ్ వాళ్లు ఇంటిల్లిపాదీ ఊరెళ్లారు. నేను పోయి వాళ్ల కంచరగాడిదలకు మేతేసొస్తా.” తలుపు ధడాలున వేసి వెళ్లిపోయాడు.

వెర్లాకు ఏడుపొచ్చింది. పొగాకు జిగురుతో నల్లబడ్డ వేళ్లను గౌనుకి తుడుచుకుని గిటారు అందుకుంది.

ఐదింటికి ఫోన్ మోగింది. కెంటకీలోని ఆ కొండ మీద ఎనిమిదిళ్లకీ ఒకటే ఫోన్ తీగ. ఎవరికి ఫోనొచ్చినా అన్ని ఇళ్లలోనూ మోగుతుంది, అందరూ ఎత్తి వింటారు. అదేం తప్పు కాదక్కడ. కాకపోతే ఎత్తేవాళ్లు ఎక్కువైనకొద్దీ గొంతు సన్నబడిపోతుంది.

మొదటి చరణం అయిందో లేదో రికార్డుల కంపెనీ పెద్దమనిషి అడ్డుపడ్డాడు. “అమ్మాయ్, నూతిలోంచి పాడుతున్నట్టుంది. ఒక్క ముక్కా తెలియట్లేదు. ఇంకెప్పుడైనా చూద్దాంలే.”

“ఒక్క నిమిషం సార్! యూనిస్ అత్తా, ఫోన్ పెట్టెయ్! నీ గోడగడియారం ఇక్కడికి వినపడుతోంది. ఓటిస్ మావయ్యా, నీ కుక్క కూడా! అందరూ పెట్టేయండి, మీకు పుణ్యముంటుంది!”

“మేం వింటే నీకేం అరిగిపోతుందే? ఆ రెండో చరణం కూడా...”

“అత్తా!”

టక్. టక్. వెర్లా లెక్కపెట్టింది. ఆరు. రాన్సమ్ ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి అందరూ పెట్టేసినట్టే.

కళ్లు మూసుకుని మళ్లీ మొదలుపెట్టింది. నాగలి వెనక ఈల వేసుకుంటూ నడిచే ఒక మొండి మనిషి మీద తనే కట్టిన పాట. ఆ మనిషికి ఎన్నడూ వినిపించలేదు.

“సోమవారం వచ్చెయ్ అమ్మా,” అన్నాడు పెద్దమనిషి, గొంతు సవరించుకుని. “రికార్డు చేద్దాం. నీకెన్నేళ్లు?”

“పదిహేడు.”

“అయితే మీ నాన్న సంతకం కావాలి. పెడతాడుగా?”

ఇంత దూరం వచ్చి ఇక్కడ ఆగిపోవాలా? కానీ వెర్లాకు అబద్ధం చెప్పడం చేతకాదు. “పెట్టడు సార్.”

తీగ మీద ఎవరో ముక్కు చీదారు.

“పెడతానండీ,” అన్నాడు హాలిస్, రాన్సమ్ ఇంటి ఫోన్లోంచి. “ముందు ఆ ఆఖరి చరణం ఇంకోసారి పాడమనండి.”