తరఫున మాట్లాడేవారు

గురువారం పొద్దున తొమ్మిదింటికి, రిటైరైన లైబ్రేరియన్ ఒళ్ళో నీలం ఫైలు పెట్టుకుని తన ఇంటి పై వాటాలో ఉండే టైలరమ్మ స్కూటర్ వెనక కూర్చుంది. తిరగవలసిన ఇళ్ళు మూడు. లాయరు ఇచ్చిన గడువు సాయంత్రం ఐదు.

సోమవారం ఆమె తలకు ఆపరేషన్. డాక్టరు దాపరికం లేని మనిషి. "లేస్తారమ్మా. లేచాక మీరు మీరుగానే ఉంటారని మాత్రం మాటివ్వలేను," అన్నాడు. తన మాట తాను చెప్పుకోలేని స్థితి వస్తే తన తరఫున ఎవరు మాట్లాడతారో ఈలోగా తేల్చాలి. ఆ ప్రతినిధి పేరు దస్తావేజు మీదికి ఎక్కాలి. భర్త లేడు, పిల్లలు లేరు. రక్తసంబంధమని చెప్పుకోవడానికి మిగిలింది ఒక తమ్ముడు, ఒక చెల్లెలు, పోయిన అన్నగారి కొడుకు.

మూడేళ్ళ కిందట పిన్ని తెలివి లేకుండా మంచాన పడినప్పుడు, ఈ ముగ్గురే ఆస్పత్రి వరండాలో నిలబడి ఐదు నెలలు చర్చించారు. వాళ్ళ చర్చ తెగేదాకా పిన్ని యంత్రాల మీదే ఉంది. లైబ్రేరియన్ ఆ ఐదు నెలలూ మరచిపోలేదు. అయినా రక్తసంబంధం రక్తసంబంధమే. "ముందు వాళ్ళను అడిగి రండి. అవునన్నా కాదన్నా కాగితం మీద ఉండాలి," అన్నాడు లాయరు.

తమ్ముడు పెద్ద ఆఫీసరుగా రిటైరయ్యాడు. ముప్పైమూడేళ్ళ ఉద్యోగంలో ఏ ఫైలు మీదా అవుననీ కాదనీ రాయకుండా పైకి పంపిన ఘనుడు.

"నీకోసం ప్రాణమైనా ఇస్తానక్కా!"

"ప్రాణం అక్కర్లేదురా. గొట్టాలు ఉంచాలా తీసెయ్యాలా అని డాక్టరు అడిగితే అక్కడికక్కడ ఒక మాట చెప్పాలి. దాని కింద సంతకం పెట్టాలి. రేపు ఎవరైనా కోర్టుకెక్కితే బోనులో నిలబడేది నువ్వే."

సంతకం అనగానే అతని ముఖం పాలిపోయింది. "నలుగురితో ఆలోచించి..."

"నలుగురుండరు. నువ్వొక్కడివే."

అతను చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆమె తెల్లకాగితం తీసి ముందు పెట్టింది. 'సదరు బాధ్యత స్వీకరించుటకు నేను అశక్తుడనని ఇందుమూలముగా తెలియజేయడమైనది' అని రాశాడు. జన్మలో అతను తీసుకున్న మొదటి స్పష్టమైన నిర్ణయం బహుశా అదే.

"ఏమన్నారమ్మా?" అంది వీధిలో టైలరమ్మ.

"రాసిచ్చాడు."

"ఇంకా రెండిళ్ళు," అని టైలరమ్మ స్కూటర్ స్టార్ట్ చేసింది.

చెల్లెలు కిటికీ తెర తొలగించి వీధిలోకి చూసింది. "ఆ పై వాటా టైలరమ్మని ఎందుకేసుకు తిరుగుతావక్కా? మనవాళ్ళు లేనట్టు!"

"మనవాళ్ళ దగ్గరికే వచ్చాను కదే. నువ్వు రోజూ వచ్చి నా పక్కన కూర్చోవాలి. నేను నిన్నెవరని అడిగినా ఓర్చుకోవాలి. నర్సు పక్కబట్టలు సరిగ్గా మార్చిందో లేదో దగ్గరుండి చూడాలి."

"పక్కబట్టలా? అమ్మో! నాకు ఆస్పత్రి వాసనకే కళ్ళు తిరుగుతాయి. నా మనసెంత సున్నితమో నీకు తెలుసుగా."

"తెలుసు. అదే రాయి."

పిన్ని గదిలోకి ఐదు నెలల్లో రెండుసార్లు అడుగుపెట్టిన ఆ సున్నితమైన మనసు, ఏడుస్తూనే నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా రాసింది. కన్నీళ్ళు పడి సంతకం అలుక్కుపోతుందేమోనని లైబ్రేరియన్ కాగితాన్ని కాస్త పక్కకు జరిపింది.

మేనల్లుడు నాయకత్వ లక్షణాల మీద శిక్షణ ఇస్తాడు. పరాయి ఆఫీసులకు వెళ్ళి, బాధ్యతను ఎలా భుజాన వేసుకోవాలో రెండు గంటల్లో నేర్పి వస్తాడు. గోడ నిండా అతని ఫొటోలే.

"నేనుండగా నీకెందుకత్తా దిగులు? రాసెయ్ నా పేరు!"

 ఆమె ఫైలును రెండు చేతులతో పట్టుకుంది.

"ఆలోచించుకునే అంటున్నావా?"

"ఇందులో ఆలోచించేదేముంది! పెన్ను ఇటివ్వు."

అతను నిజంగానే పెన్ను మూత తీశాడు. ఆమె గొంతు సవరించుకుంది.

"చల్లగా ఉండు నాయనా. ఒక్క మాట ముందే చెప్పడం నా ధర్మం. ఈ అధికారం నేను బతికున్నన్నాళ్ళే. నా ఇంటికీ దీనికీ సంబంధం లేదు. ఇల్లు లైబ్రరీకి రాసేశాను."



"మొత్తం ఇల్లా?"

"మెట్లతో సహా."

పెన్నుకు మూత పడింది. వచ్చే మూడు నెలల క్లాసులన్నీ అతనికి హఠాత్తుగా గుర్తొచ్చాయి. వేరే ఊళ్ళు గుర్తొచ్చాయి, నడుము నొప్పి గుర్తొచ్చింది. 'బాధ్యతే బలం' అని పైన అచ్చువేసి ఉన్న కాగితం మీద, ఈ బాధ్యత తనవల్ల కాదని అందంగా రాసిచ్చాడు. గుమ్మందాకా వచ్చి, "ధైర్యంగా ఉండత్తా," అన్నాడు.

నాలుగూ నలభైకి ఇద్దరూ లాయరు ఆఫీసు మెట్లెక్కారు. గుమాస్తా మూడు కాగితాలూ అందుకుని చదవసాగాడు. బెంచీ మీద వంతు కోసం కూర్చున్న ఒక పెద్దాయన విషయం విని నిట్టూర్చాడు.

"సొంతవాళ్ళు ముగ్గురుండి ఒక్కరూ ఒప్పుకోలేదా తల్లీ?"

"ఒక్కరూ ఒప్పుకోలేదండీ," అంది లైబ్రేరియన్. పొద్దుటినుంచీ ఏమీ తినలేదన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

గుమాస్తా మూడు సంతకాలూ సరిచూసి, దగ్గరి బంధువులందరూ వద్దని రాసిస్తే తప్ప బయటి మనిషిని ప్రతినిధిగా పెట్టుకోవడానికి వీల్లేదన్న నిబంధన తీరినట్టు ముద్ర వేసి, లైబ్రేరియన్ పదిహేను రోజుల కిందటే టైపు చేయించి ఉంచిన దస్తావేజును సంతకం కోసం టైలరమ్మ ముందుకు జరిపాడు.