రైలుకట్ట పక్కన సమాధి

సమాధి మీద ఎవరో ఆకుపచ్చ గుడ్డ పరుస్తున్నారు.

కట్ట మీంచి దేవకుమారి అది చూసింది. బంతిపూల సంచీ పట్టుకుని గబగబా రైలుకట్ట దిగింది.

దొరల కాలంలో తెనాలి, రేపల్లె మధ్య ఈ కట్ట పోస్తూ, మట్టి జారి మీద పడి చనిపోయాడు ఆమె ముత్తాత. పోయినచోటే పూడ్చారు. ఏటా సమాధుల పండుగకి రేపల్లె నుంచి తనే వచ్చి సున్నం కొట్టి, పూలు పెట్టి వెళ్తుంది. ఈమధ్య వచ్చినప్పుడల్లా ఊదొత్తి పుల్లలు కనిపిస్తున్నాయి. ముత్తాతని ఎవరో తన దగ్గర్నుంచి లాగేసుకుంటున్నారని ఒకటే బెంగ.

"ఏంటండీ ఈ పని?"

టోపీ పెట్టుకున్న ముసలాయన తలెత్తాడు.

"బాపట్ల నుంచి వచ్చానమ్మా. దువా చేసుకుని పోతాను."

"ఇది మా ముత్తాతదండి. మేము క్రైస్తవులం. ఇవాళ గుడ్డ కప్పుతారు, రేపు జెండా పాతుతారు. అప్పుడు నేనెక్కడికి పోవాలి బాబాయ్?"

ఆయనకి కోపం రాలేదు.

"మీ ముత్తాత పేరేంటి తల్లీ?"

"శాలేమురాజు."

ఆ పేరుని ఆయన తనలో తను మెల్లగా అనుకున్నాడు. తర్వాత గుడ్డ తీసి మడతపెట్టాడు.

"ఇంక రానులేమ్మా. నీ మనసు కష్టపెట్టి చేసే దువా నాకెందుకు? గాలి ఇటు కొడుతోంది, కొవ్వొత్తులు ఆ పక్కన పెట్టుకో."

కర్ర ఊతంగా కట్టెక్కి స్టేషన్ వైపు వెళ్ళిపోయాడు.

దేవకుమారి ప్రాణం కుదుటపడింది. పూలు పేర్చి, నిదానంగా ప్రార్థన చేసుకుంది. ఈలోగా తెనాలి బండి వచ్చింది, ఆగింది, వెళ్ళింది.

పక్కచేను యలమంద ఎప్పట్లాగే మంచినీళ్ళు తెచ్చాడు.

"మీరావలిగారు అప్పుడే వెళ్ళిపోయారేంటక్కా? మా ఇంట్లో టీ తాగందే కదలరే."

"నేనే పంపించేశాను తమ్ముడూ. మా సమాధి మాకుండాలిగా."

యలమంద చెంబు కింద పెట్టేశాడు.

"మీకు తెలుసనుకున్నానక్కా."

"ఏంటి తెలిసేది?"

"కట్ట జారినప్పుడు పోయింది ఒక్కరు కాదు. మీ ముత్తాత కూరుకుపోతుంటే, చెయ్యి పట్టుకుని లాగబోయి ఇంకో కూలీ కూడా పోయాడంట. ఆ చేతుల్ని విడదీయలేక ఇద్దర్నీ ఒకే గోతిలో పూడ్చారని మా తాత చెప్పేవాడు."

దేవకుమారి పట్టాల వంక చూసింది. బండి ఎప్పుడో కనుమరుగైంది.

"ఆ రెండో ఆయన మునిమనవడేనక్కా, మీరు పంపించేసిన పెద్దాయన."